మాంట్‌గోమరీ: రెస్ట్‌రూమ్ ఓన్లీ

లాంగ్ వీకెండ్ దగ్గర పడిందంటే అట్లాంటా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఎక్సెల్ షీటు పుడుతుంది. దాన్ని తయారుచేసే మహానుభావుడు ప్రతి గ్రూపులోనూ ఒకడుంటాడు. ఆఫీసులో ఆయన చేసే ప్రాజెక్టు ప్లాన్ల సంగతి మనకు తెలీదు గానీ, బీచ్ ట్రిప్పు ప్లాన్లో మాత్రం పెరుగన్నం డబ్బా ఏ వ్యాన్లో ఏ సీటు కింద పెట్టాలో కూడా రాసి ఉంటుంది. ఈసారి నాకు చేరిన షీటు పేరు "సదరన్ రోడ్ ట్రిప్ – మస్ట్ సీ". జార్జియాలో బయల్దేరి, అలబామా మీదుగా, ఫ్లోరిడాలోని డెస్టిన్ సముద్రం దాకా. దారిలో వచ్చే మాంట్‌గోమరీకి ఎదురుగా ఉన్న గడిలో ఇలా ఉంది: "నథింగ్ టు సీ. అర్జెంటైతే రెస్ట్‌రూమ్ ఓన్లీ."

అలాగే. చూడ్డానికి ఏమున్నాయో ముందు అవే చూద్దాం.

మొదటి స్థానం పెట్రోలు బంకుది. అలబామాలో ఆబర్న్ దగ్గర ఐ-85 హైవే పక్కనున్న బకీస్. దాన్ని తక్కువ చేసి మాట్లాడేంత ధైర్యం నాకు లేదు. 1982లో టెక్సాస్‌లో పుట్టిన ఈ సంస్థ, టెనెసీలో 120 పంపులతో ఒక బంకు కట్టింది. అది చాలదని 2024లో టెక్సాస్‌లోని లులింగ్‌లో 75 వేల చదరపు అడుగుల్లో ఇంకోటి కట్టింది. కడప జిల్లాలో పుట్టి గండికోట మొహం చూడనివాళ్లు కూడా ఆబర్న్ బకీస్‌ను సకుటుంబంగా సందర్శించారు, సందర్శిస్తున్నారు.

షీటులో అక్కడికి కేటాయించిన సమయం పదిహేను నిమిషాలు. మూడు వ్యాన్లు ఆగుతాయి. గుమ్మం ముందు టోపీ పెట్టుకున్న కంచు బీవర్ విగ్రహం. దాని ముందు జనం వరస. ఆ వరస చూసి గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు చెప్పులు విడవబోయింది.

"అది దేవుడు కాదత్తయ్యా, బీవర్."

"అంటే?"

"చెట్లు కొరికే జంతువు."

"మరి ఇంతమంది ఎందుకు నిలబడ్డారు బాబూ?"

అల్లుడి దగ్గర జవాబు లేదు. ఇక ఫొటోలు. పిల్లలతో ఒకటి, ఆడవాళ్లు మాత్రమే ఒకటి, మగవాళ్లు మాత్రమే ఒకటి, నెల్లూరువాళ్లు మాత్రమే ఒకటి. లోపలికి అడుగుపెట్టగానే కౌంటర్ దగ్గర కుర్రాళ్లు కత్తులు పట్టుకుని "ఫ్రెష్ బ్రిస్కెట్ ఆన్ ద బోర్డ్!" అని ఒక్కసారిగా అరుస్తారు. "ఏమంటున్నారు?" అని అత్తగారు. "తాజాగా వచ్చిందంటున్నారు." "ఏంటది?" "కూర." ఆవిడ ఆ కూర (గొడ్డు మాంసం) చూద్దామని అటు నడవబోతే ముగ్గురు మనుషులు అడ్డుపడి బీవర్ నగ్గెట్స్ వైపు మళ్లించారు. ఆ నగ్గెట్స్ బెల్లం పాకం పట్టిన మన బొరుగుల ఉండను చిదిపి సంచిలో పోసినట్టుంటాయి. తలా రెండు సంచులు కొన్నారు.

అసలు దర్శనం ఇంకా ముందుంది. మామగారు పంచాయతీరాజ్‌లో ఇంజనీరుగా రిటైరయ్యారు. రెస్ట్‌రూమ్‌కి వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు. వచ్చాక కళ్లలో ఒక వెలుగు. "తలుపు మీద ఎర్ర లైటుంటే లోపల మనిషున్నట్టు, పచ్చ లైటుంటే ఖాళీ! నేల మీద చుక్క నీళ్లు లేవురా!" మళ్లీ వెళ్లి వీడియో తీసుకొచ్చి (జనం లేని వైపే తీశారట) కాలనీ గ్రూపులో పెట్టారు: "అభివృద్ధి అంటే ఇది." పదిహేను నిమిషాలు గంటన్నర అయ్యాయి.

రెండో అంశం అట్లాంటా పక్కనున్న స్టోన్ మౌంటెన్. కొండ ఎక్కడం, కింద పులిహోర, చీకటి పడ్డాక లేజర్ షో. కొండకు చెక్కిన ముగ్గురు గుర్రపు రౌతుల గురించి షీటులో "ఎవరో రాజులు" అని రాసుంది. ఎవరో కాదు నాయనా: జెఫర్సన్ డేవిస్, రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్. అమెరికా అంతర్యుద్ధంలో, మనుషుల్ని కొనుక్కునే హక్కు పోకూడదని యుద్ధం చేసిన పక్షానికి ఒకాయన అధ్యక్షుడు, ఇద్దరు సేనాపతులు. 1915లో తెల్లజాతి దురహంకారుల ముఠా కు క్లక్స్ క్లాన్ మళ్లీ పుట్టింది ఆ కొండ మీదే. పులిహోర బాగా కుదిరిందని విన్నాను.

మూడోది, రోడ్డు పక్క ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. దీనికి నా పూర్తి మద్దతు. కాకపోతే వాటిని ఒలుచుకుంటూ టస్కీగీ దాటేస్తారు. వేరుశనగ మీద పరిశోధనలకు పేరుపడ్డ నల్లజాతి శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పాఠాలు చెప్పిన ఊరది. షీటులో దాని పేరే లేదు.

ఇక ఆ గడి. "అర్జెంటైతే రెస్ట్‌రూమ్ ఓన్లీ." రాసినవాడికి తెలీదు గానీ, మాంట్‌గోమరీ చరిత్ర మీద అంతకంటే క్రూరమైన వాక్యం రాయడం కష్టం.

సదరన్ రోడ్ ట్రిప్పుకు షీటు తయారుచేసినవాడు మీకంటే ముందు ఒకడున్నాడు. విక్టర్ గ్రీన్, న్యూయార్క్ హార్లెంలో కాపురమున్న నల్లజాతి పోస్ట్‌మ్యాన్. 1936 నుంచి ఆయన వేసిన "గ్రీన్ బుక్"లో బీచ్ రేటింగులు లేవు. నల్లవాడికి ఏ ఊళ్లో అన్నం పెడతారు, ఎక్కడ పడుకోనిస్తారు, ఏ బంకులో పెట్రోలు పోస్తారు, అవీ ఉండేవి. బంకులో డబ్బులు తీసుకుని రెస్ట్‌రూమ్ తాళం ఇవ్వని రోజులు. పిల్లల్ని పొదల చాటుకు తీసుకెళ్లిన రోజులు.

బస్టాండ్లలో వెయిటింగ్ రూములు, భోజనశాలలు, రెస్ట్‌రూములు రంగును బట్టి విడదీయడం చెల్లదని 1960లో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పింది నిజమేనా చూద్దామని కొందరు నల్ల, తెల్ల కుర్రాళ్లు కలిసి బస్సెక్కారు. 1961 మే 20న మాంట్‌గోమరీ గ్రేహౌండ్ బస్టాండులో దిగారు. పోలీసులు మాయమయ్యారు. కర్రలు, ఇనపగొట్టాలు పట్టుకున్న గుంపు మీద పడింది. ఆ కుర్రాళ్లలో ఒకడు, ఇరవయ్యొక్కేళ్ల జాన్ లూయిస్ తల పగిలి నేల మీద పడిపోయాడు. ఆ బస్టాండు ఇప్పుడు మ్యూజియం. నథింగ్ టు సీ.

అదే ఊళ్లో 2018లో తెరిచిన స్మారకంలో 800కు పైగా ఉక్కు దిమ్మలు వేలాడుతుంటాయి, కౌంటీకి ఒకటి. 1877 నుంచి 1950 దాకా గుంపులు కొట్టి, కాల్చి, ఉరేసి చంపిన 4,400 మందికి పైగా నల్లజాతి మనుషుల కోసం. ముందుకు నడిచేకొద్దీ నేల కిందికి దిగుతుంది, దిమ్మలు తలల మీదికి వెళ్తాయి. ఈ మాట చెబితే మనవాళ్ల జవాబు: "డిప్రెసింగ్‌గా ఉంటుందన్నా. పిల్లలున్నారు కదా."

అవును, పిల్లలున్నారు. జీపీఎస్ దారి మార్చి నల్లవాళ్లుండే వీధిలోంచి తీసుకెళ్లినప్పుడు "ఏరియా బాలేదు" అంటూ మీరు కారు డోర్లు లాక్ చేశారే, ఆ టక్కుమన్న చప్పుడు వెనక సీట్లో పిల్లలు విన్నారు. అది డిప్రెసింగ్ కాదా? ఆ పాఠానికి వయసు సరిపోయిన పిల్లలకు ఈ పాఠానికి చాలదా?

ఇంకో మాటుంది, "మేం మెరిట్ మీద వచ్చాం" అని. అక్కడికి యాభై మైళ్ల అవతల సెల్మా వంతెన మీద ఓటు హక్కు అడిగినవాళ్లను పోలీసులు చితకబాదింది 1965 మార్చి 7న. ఓటు హక్కు చట్టం మీద సంతకం పడింది ఆగస్టు 6న. అదే ఏడాది అక్టోబరు 3న, అదే అధ్యక్షుడు జాన్సన్ మన తలుపు తెరిచిన వలస చట్టం మీద సంతకం పెట్టాడు. అంతకు ముందు ఇండియాకు ఉన్న కోటా ఏడాదికి 100 మంది. వంద! అట్లాంటా పక్క కమింగ్‌లో ఒక గృహప్రవేశానికి అంతకంటే ఎక్కువమంది వస్తారు. 1964లో గుంటూరులో తెలివైనవాళ్లు పుట్టలేదా? మెరిట్ అప్పుడూ ఉంది. గేటు మూసి ఉంది. దాన్ని ఎవరు తోశారో, తోసినందుకు ఎవరి తల పగిలిందో చూడ్డానికి మీకు రెండు గంటలు లేవు, కంచు బీవర్‌కు గంటన్నర ఉంది.

షీటులో మార్పులుంటే చెప్పమన్నారని, మాంట్‌గోమరీకి రెండు గంటలు కలపమని మర్యాదగానే మెసేజ్ పెట్టాను. వెంటనే బొటనవేలు బొమ్మ, దాని కింద జవాబు వచ్చాయి: "మంచి ఐడియా అన్నా, కానీ టైమ్ టైట్. రిటర్న్‌లో మళ్లీ బకీస్ ఉంది కదా."