డాక్టర్ గోళీసోడా గారికి

మహారాజశ్రీ గోళీసోడా గారికి, గుంటూరు నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాద్దామంటే, ఉభయుల్లో మీరొక్కరే కుశలంగా ఉన్నారు.

మిర్చియార్డులో బస్తాల మధ్య తిరిగే మనిషికి ఛాతీ మధ్యలో ఎవరో కూర్చున్నంత బరువు. "గ్యాస్ పట్టిందిరా, ఒక సోడా కొట్టించు" అంటాడు. బండివాడు గోళీ లోపలికి నొక్కుతాడు. కీచుమంటుంది. ఉప్పు, నిమ్మరసం, గటగటా రెండు గుక్కలు, బ్రేవ్‌మని ఒక త్రేన్పు. అయిదు నిమిషాలకి "హమ్మయ్య, తగ్గింది." పేరు మీకు.

ఆ త్రేన్పు ఎవరిదండీ? మీరు పోసిన గ్యాసే పైకొచ్చింది. ఇచ్చిన అప్పు తిరిగొస్తే దాన్ని లాభం అంటారా?

నొప్పి తగ్గించింది మాత్రం బండి పక్కనున్న బల్ల. గుండె కండకి రక్తం ఇచ్చే కరోనరీ ధమనులు రెండూ బృహద్ధమని మొదట్లోనే పుడతాయి. లోపలి దారి 3, 4 మిల్లీమీటర్లు, అంతే. కొవ్వు పేరుకుని అది ఇరుకైతే, కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం ఇంద్రకీలాద్రి మెట్లెక్కేటప్పుడు చాలదు. నొప్పి పడుతుంది, ఆగితే కాసేపట్లో పోతుంది. దీన్నే యాంజైనా అంటారు. మిమ్మల్ని తాగాలంటే ఎలాగూ ఆగి కూర్చోవాలి కదా! విశ్రాంతి చేసిన వైద్యానికి మీరు ఫీజు తీసుకుంటున్నారు. ఇంత తేరగా పేరు తెచ్చుకున్న డాక్టరు ఆసుపత్రులుండే మా కొత్తపేట మొత్తం వెతికినా దొరకడు.

గుండెతో మీకు చుట్టరికం లేదనం. మీ మెడలో గోళీని రబ్బరు వాషరుకి అదిమిపట్టేది లోపలి ఒత్తిడే. గుండెలో ఉన్న 4 కవాటాలూ అంతే, వెనక్కి తన్నే రక్తం ఒత్తిడికే మూసుకుంటాయి. లబ్, డబ్ ఆ మూతల చప్పుళ్లే. 1960లో అమెరికాలో స్టార్, ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు పంజరంలో బంతి పెట్టి చేసిన కృత్రిమ కవాటాన్ని మనిషి గుండెలో అమర్చారు కూడా. కానీ నిమిషానికి 70 సార్లు కొట్టుకుని 5 లీటర్ల రక్తం తోడే పిడికెడు కండ అది. తమరు ఒక్క నొక్కుకి అయిపోతారు.

మీ వైద్యం ప్రాణం మీదికి తెచ్చేది గుండె అడుగుభాగం దగ్గర. అది పొట్టకి పైకప్పులాంటి డయాఫ్రం మీద ఆని ఉంటుంది. ఎక్కువమందిలో దానికి రక్తం కుడి కరోనరీది. అందులో కొవ్వు గడ్డ చిట్లి, దానిమీద రక్తం గడ్డకట్టి దారి మూసేస్తే అదే గుండెపోటు. దాని నొప్పి కడుపు పైభాగంలో మొదలవ్వచ్చు. వికారం, వాంతి, త్రేన్పులు కూడా. గుండె నరాలూ అన్నవాహిక నరాలూ వెన్నుపాములో దగ్గరదగ్గరే చేరతాయి గనక, కబురు ఎవరింటి నుంచి వచ్చిందో మెదడుకి తేలదు. మెదడే తేల్చలేనిది మీరు తేల్చేస్తున్నారు!

ఇంకొందరికి, ముఖ్యంగా షుగరున్నవాళ్లకి, పెద్దవయసువాళ్లకి, ఆడవాళ్లకి, నొప్పే లేకుండా ఆయాసం, నీరసం, చెమటతో గుండెపోటు రావచ్చు. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో చెమట పట్టనివాడెవడని మీ భక్తుల వాదన. ఈ చెమట వేరండీ. ఫ్యాను కింద కూర్చున్నా ఆగదు, ఒళ్లు చల్లగా, జిగటగా తగులుతుంది.

ఒక సోడా, తగ్గకపోతే ఇంకోటి, ఆపైన గ్యాస్ మాత్ర, ఆపైన "కాసేపు పడుకో నాన్నా". ఇట్టే మూడు గంటలు. మూసుకున్న ధమని కింద కండ ఈలోపు చచ్చిపోతూనే ఉంటుంది. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షనుకి మామూలుగా 12 గంటల గడువు. మొదటి గంటల్లో ఇస్తే మిగిలే కండ ఆఖర్న ఇస్తే మిగలదు.

కాబట్టి మీ బండి మీద ఒక బోర్డు తగిలించండి. ఛాతీ బరువు కూర్చున్నా 5 నిమిషాల్లో తగ్గకపోయినా, దవడకో చేతికో వీపుకో పాకినా, చెమటో ఆయాసమో తోడైనా 108కి ఫోన్. బైకు మీద మధ్యలో ఇరికించి తీసుకెళ్లొద్దు. ఆస్ప్రిన్ పడనివాళ్లూ, కడుపులో పుండై రక్తం పోతున్నవాళ్లూ కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్ నమిలి మింగాలి. పక్కింటి బాబాయిగారు గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర అడిగి వేసుకోవద్దు, గుండె అడుగుభాగం దెబ్బతిన్నప్పుడు బీపీ ఢామ్మని పడిపోవచ్చు.

ఆసుపత్రికి చేరిన 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి. ఛాతీ మీద 6, కాళ్లూచేతులకి 4 తీగలు. అడుగుభాగం సంగతి 2, 3, ఏవీఎఫ్ అనే లీడ్లు చెబుతాయి. మొదటి ఈసీజీ బాగుందనగానే "చూశావా, గ్యాసే" అని మీ దగ్గరికి పరిగెత్తుకొస్తారు. రానివ్వకండి. నొప్పి ఉంటే మళ్లీ తీయాలి. గుండె కండ దెబ్బతింటే బయటికొచ్చే ట్రోపోనిన్ అనే ప్రొటీను రక్తంలో పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది గనక ఆ పరీక్షా మళ్లీ చేయాలి.

ఇట్లు,
ఈసీజీ గదిలో మీ పేషెంట్ల కోసం ఎదురుచూసేవాళ్లం

తా.క.: దాహానికి వచ్చేవాళ్ల విషయంలో మీతో పేచీ లేదు. బీపీ ఉన్నవాడికి మాత్రం ఆ ఉప్పు చెంచా పక్కన పెట్టండి.