‘చిన్న వ్యాపారికి జీఎస్టీ భారమే లేదు’ అనేవారికి

‘‘ఏడాదికి 40 లక్షల లోపు అమ్మకాలుంటే జీఎస్టీ నమోదే అక్కరలేదు, కాబట్టి పన్నూ లేదు. దాటితే కాంపొజిషన్ పథకం ఉంది, అమ్మకం మీద ఒక్క శాతం కట్టి హాయిగా ఉండొచ్చు. అదీ వద్దంటే మామూలు పద్ధతిలో, సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి వస్తుంది. ఇక ఏడుపు దేనికి?’’ వాట్సాప్‌లో ఊరూరా తిరుగుతున్న సందేశం ఇది. చిన్న దుకాణాలకు పద్దులు రాసిపెట్టడం నా పని, అందుకే ఒక్కో మాటా పట్టి చూస్తాను.

మొదట ఆ 40 లక్షలు. 2019 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఈ పరిమితి సరుకు అమ్మేవారికే. సేవలకు 20 లక్షలు. ఆ 40 లక్షల పరిమితి వర్తించని రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది, అక్కడ సరుకుకూ 20 లక్షలే. అదే కిరాణా కొట్టుకు తెలంగాణలోని మధిరలో ఒక గీత, ఆంధ్రప్రదేశ్‌లోని నందిగామలో మరో గీత. 20 లక్షలను రోజులకు పంచితే సుమారు 5,500 రూపాయలు. అది గల్లాపెట్టెలో పడిన మొత్తం, మిగులు కాదు. నూటికి ఎనిమిది మిగిలే కొట్టులో ఆ రోజు చేతికి వచ్చేది 440, అదీ అద్దె, కరెంటు బిల్లు తీయకముందు. పన్ను లేని సరుకే అమ్మితే నమోదు అవసరం లేదన్నది నిజమే. కానీ పాలు, కూరగాయల పక్కన నాలుగు సబ్బులు పెడితే చాలు, ఆ పాల అమ్మకం కూడా టర్నోవర్‌లో, అంటే మొత్తం అమ్మకాల లెక్కలో, కలుస్తుంది. గీతను లాభం మీద కాక అమ్మకం మీద గీశారు. అసలు చిక్కు అక్కడే.

‘నమోదు లేకపోతే పన్నూ లేదు’. నమోదు లేకుండా లేత్ మిషన్ పెట్టుకున్న ఒక చిన్న షెడ్డును తీసుకోండి. లక్ష రూపాయల ఉక్కు కొంటే 18 శాతం చొప్పున 18,000 పన్ను. నమోదు ఉన్న పోటీదారు దాన్ని తన పన్నులో తగ్గించుకుంటాడు. ఇతనికి ఆ దారి లేదు, ఆ మొత్తం ఖర్చులోనే కలిసిపోతుంది. పన్ను కట్టించుకున్నారు, రసీదు మాత్రం పనికిరాదు.

కాంపొజిషన్ సంగతి. కాగితాల బాధ తక్కువే: మూడు నెలలకోసారి చెల్లింపు, ఏడాదికో రిటర్న్. ఆ ఒక్క శాతాన్ని మాత్రం కొనేవారి దగ్గర వసూలు చేయకూడదు, బిల్లు మీద ఆ మాట రాయాలి కూడా. నూటికి ఎనిమిది మిగిలేచోట ఒకటి అంటే లాభంలో ఎనిమిదో వంతు. కొన్న సరుకు మీద కట్టిన పన్నూ వెనక్కి రాదు. పక్క రాష్ట్రానికి అమ్మకూడదు. హోటలు నడిపేవారికైతే ఒకటి కాదు, ఐదు శాతం.

చివరిది, ‘కట్టింది వెనక్కి వస్తుంది’. 2022 జనవరి 1 నుంచి, అమ్మినవారు తమ రిటర్న్‌లో చూపిన బిల్లులకే క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తగ్గించుకునే వీలు. నెల నెలా 14వ తేదీన జీఎస్టీ పోర్టల్ తెరిచి చూస్తాం. ఒక బిల్లు కనిపించదు. దుకాణదారు హోల్‌సేల్ వ్యాపారికి ఫోను చేస్తాడు. ‘‘ఈసారి రిటర్న్ వేయలేదండీ, వచ్చే నెల చూద్దాం’’ అంటాడాయన. ఆయనకు పన్నుతో సహా ఎప్పుడో డబ్బు ముట్టింది. 20వ తేదీకి ఆ పన్నును దుకాణదారు తన జేబులోంచి మళ్లీ కట్టాలి.