చిప్ వచ్చేదాకా ఆగమని ఎవరికీ చెప్పకండి

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. కాలేజీ గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, నిన్నయితే మా పెద్దనాన్న దగ్గర్నుంచే. "2030కల్లా మనిషి, ఏఐ ఒకటైపోతారు. చిప్ పెడితే పిల్లలకు చదువుతో పనిలేదు. 2045కి మెదడుని కంప్యూటర్‌లోకి ఎక్కించేస్తారు, చావుండదు. చెవుడు, గుడ్డితనం ఉన్న పిల్లలకు ఇప్పుడు ఆపరేషన్లు దండగ, నాలుగేళ్లు ఆగండి, ఆ చిప్ ఒక్కసారి పెడితే జన్మంతా నిశ్చింత." కింద, పదిమందికి పంపమని.

చావు సంగతి ముందు తేల్చేస్తాను. సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పురుగుకి ఉన్న నాడీకణాలు 302. అవి ఒకదానితో ఒకటి ఎలా కలిశాయో 1986లోనే పటం గీశారు. ఇప్పటికీ ఆ పురుగుని పూర్తిగా కంప్యూటర్‌లో బతికించలేకపోయారు. మనకు దాదాపు 8,600 కోట్లు ఉన్నాయి. 2045 అన్నది భవిష్యత్తు మీద జోస్యాలు చెప్పే అమెరికన్ రచయిత రే కర్జ్‌వైల్ అంచనా, అంతకుమించి ఏమీ లేదు.

చదువు మాట కూడా అంతే. 2024 జనవరిలో ఎలాన్ మస్క్ కంపెనీ న్యూరాలింక్ మొదటిసారి మనిషికి పెట్టిన చిప్‌లో 1,024 ఎలక్ట్రోడ్లున్నాయి. చెయ్యి కదపాలని అతను అనుకున్నప్పుడు మెదడులో పుట్టే సంకేతాలను అది చదువుతుంది, తెర మీద కర్సర్ కదులుతుంది. మెదడులోకి ఎక్కాలు దించే పని దానిది కాదు. పైగా కొన్ని వారాలకే దాని తీగలు చాలావరకు జారి బయటికొచ్చాయి.

నాకు ఒళ్లు మండింది ఆ "ఆగండి" అన్న మాటకి. మా చెల్లెలి కూతురికి పుట్టుకతో వినపడదు. ఇలాగే ఎవరో "తొందరెందుకమ్మా, ఇంకా మంచి మిషన్లు వస్తున్నాయి" అంటే నమ్మి ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాం. ఆ ఎనిమిది నెలలు ఎవరు తిరిగిస్తారు? మొదటి రెండు మూడేళ్లలో శబ్దం అందకపోతే, మెదడులో వినడానికి ఉన్న చోటుని చూపు లాంటి వేరే పనులు ఆక్రమించేస్తాయి. తర్వాత ఎంత గొప్ప మిషన్ పెట్టినా చప్పుడు వినిపిస్తుందేమో కానీ మాట అర్థం కావడం చాలా కష్టం. ఈ మెసేజ్ రాసినవాడు వినపడని పసిపిల్లని ఒక్కసారైనా ఎత్తుకున్నాడా?

కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం, పెట్టగానే పిల్లలు గడగడా మాట్లాడేయరు. స్విచ్ ఆన్ చేసిన రోజు మా పాప భయపడి గుక్కపట్టి ఏడ్చింది. ఆ తర్వాత రెండేళ్లు థెరపీ. రోజూ పొద్దున్నే మా చెల్లెలు పెదాలు కనపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ, ఈ, ఊ, ష్, స్, మ్ అని ఆరు శబ్దాలు చేసేది, పాప విన్న ప్రతిసారీ గిన్నెలో ఒక పూస వేయాలి. "స్"కి పూస పడటానికి మాకు నెలలు పట్టింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద పిల్లలకు ఈ ఆపరేషన్ చేస్తారు, దానికి వయసు పరిమితి ఉంటుంది. నాలుగేళ్లు ఆగితే అదీ చేజారిపోవచ్చు.

"జన్మంతా నిశ్చింత" అట. చూపు లేనివాళ్ల కోసం చేసిన ఆర్గస్ 2 అనే కంటి పరికరాన్ని ప్రపంచంలో 350 మందికి పైగా పెట్టించుకున్నారు. చేసిన కంపెనీ దాన్ని ఆపేసింది. చెడిపోతే బాగుచేసే దిక్కులేని యంత్రం కంట్లో పెట్టుకుని వాళ్లు మిగిలిపోయారు. ఏ చిప్ గురించి విన్నా నేను ముందు అడిగేది ఇదే, పదేళ్ల తర్వాత దీని విడిభాగాలు ఎవరిస్తారు?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. మనిషీ యంత్రమూ కలవడం అబద్ధం కాదు. కండరాలు క్రమంగా చచ్చుబడిపోయే ఏఎల్‌ఎస్ జబ్బుతో మాట పడిపోయిన ఒకాయన మెదడులోని సంకేతాల నుంచి, జబ్బుకి ముందున్న ఆయన సొంత గొంతుతోనే కంప్యూటర్ మాట్లాడటాన్ని కాలిఫోర్నియాలో 2024లో చూపించారు. అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా ఇంట్లో అయితే ఆ కలయిక రోజూ చూస్తున్నదే, పడుకునే ముందు పాప చెవి వెనక మిషన్ తీసి తనే తేమ తగలని డబ్బాలో పెట్టుకుంటుంది.

పెద్దనాన్నా, మీరు మంచి మనసుతోనే పంపారని తెలుసు. కానీ ఇది పంపిన అన్ని గ్రూపుల్లోనూ ఇంకో మాట కూడా పెట్టండి. వెనక నుంచి పిలిస్తే తిరగని పాపాయి ఎవరింట్లోనైనా ఉంటే ఈ వారంలోనే బెరా టెస్ట్, అంటే శబ్దం చెవి నుంచి మెదడుకి చేరుతోందో లేదో చూసే పరీక్ష, చేయించమనండి.