సవరణ: బజ్జీల నూనె నిబంధన ఎవరికి?

బెజవాడ, గుంటూరు బజ్జీ బండ్ల మీద పెట్టిన పోస్టులో ‘ఒకసారి కాగిన నూనె మళ్లీ వాడటం నేరం’ అని ఉంది. అసలు నిబంధన అది కాదు. నూనె మళ్లీ మళ్లీ కాగేకొద్దీ అందులో పెరిగే చెడు పదార్థాలు (టోటల్ పోలార్ కాంపౌండ్స్) 25 శాతం దాటితే వాడకూడదు. 2018 జూలై 1 నుంచి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దీన్ని అమలు చేస్తోంది. రోజుకు 50 లీటర్లకు మించి వేపుడుకు వాడేవాళ్లు 2019 మార్చి 1 నుంచి నూనె వాడకం రికార్డు కూడా రాయాలి. గుంటూరు బ్రాడీపేటలో చిన్న బండికి ఆ రికార్డు అక్కర్లేదు, 25 శాతం హద్దు మాత్రం తప్పదు.

‘నా తిండి నా ఇష్టం’ అన్నవాళ్ల మాట సబబే. ఎన్ని బజ్జీలు తినాలో సర్కారు చెప్పకూడదు, ఈ నిబంధన చెప్పడమూ లేదు. కానీ మూకుట్లో ఉన్నది ఏనాటి నూనో ప్లేటు చూస్తే తెలియదు. తెలియనిదాన్ని మన ఇష్టం అని ఎలా అంటాం? హద్దు అమ్మేవాళ్లకు పెట్టడమే న్యాయం.

ఇంట్లో ఆ శాతం కొలిచే మీటరు ఉండదు కదా. రాలిన శనగపిండి పలుకులు అడుగున మాడి నూనెను త్వరగా పాడుచేస్తాయి, వాయి వాయికీ చిల్లుల గరిటెతో తీసేయండి. మిరపకాయల తడి, ఉప్పు కూడా చేటే. చల్లారాక పలచటి గుడ్డతో వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు వాడేయండి. పాత నూనెలో కొత్తది కలపొద్దు. నురగ అణగకపోయినా, నీలం బూడిద రంగు పొగ లేచినా పారేయాల్సిందే. సింకులో మాత్రం పోయకండి, పైపు పూడుకుపోతుంది.