డౌన్‌లోడ్లు చూసి కలిపేయమంటే ఎలా?

"పది వేల డౌన్‌లోడ్లు దాటిన యాడ్ఆన్‌ను వెంటనే అసలు సాఫ్ట్‌వేర్‌లో కలిపేయాలి. కోడ్ అందరికీ కనిపిస్తూనే ఉంది, ఇంకా పరిశీలన ఎందుకు? ఆపేది పెత్తనం కోసమే." ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ల గురించి హన్మకొండ, కాజీపేట గ్రూపుల్లో ఎక్కడ చూసినా ఈ మెసేజే. యాడ్ఆన్ అంటే సాఫ్ట్‌వేర్‌కు విడిగా తగిలించుకునే అదనపు ముక్క. నాకు బాగా కావలసినవాళ్లు కూడా పంపుతుంటే ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

డౌన్‌లోడ్లు ఎంతమందికి అవసరమో చెప్తాయి, కోడ్ ఎలా ఉందో చెప్పవు. "మా ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది" అంటారా? సంతోషం. వచ్చే వెర్షన్‌లో నడవకపోతే సరిచేసేది ఎవరు? ఆ పేరు చెప్పలేనంత వరకు అది సిద్ధం కాలేదనే నా లెక్క.

అసలు ప్రమాదం "అందరికీ కనిపిస్తోంది కదా" అన్న మాటలోనే ఉంది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రామ్ సంగతి మరిచిపోయారా? జియా టాన్ పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా పనికొచ్చే కోడే పంపి, నమ్మకం సంపాదించి, ప్రాజెక్టులో బాధ్యత తీసుకున్నారు. మధ్యలో వేరే పేర్లతో కొందరు "ఎందుకింత ఆలస్యం, ఇంకొకరికి అప్పగించు" అని పాత నిర్వాహకుడి వెంటపడ్డారు. 2024 ఫిబ్రవరిలో 5.6.0 వెర్షన్‌తో పాటు దొంగదారి, అంటే బయటివాళ్లు కంప్యూటర్‌లోకి రహస్యంగా చొరబడే దారి, కూడా బయటికి వెళ్లింది. దాన్ని పని చేయించే ముక్క విడుదల ప్యాకేజీలోనే ఉంది, అందరూ చూసే కోడ్‌లో లేదు! మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే బయటపడింది. కోడ్ తెరిచి ఉండబట్టే ఆయన అంత లోతుకు వెళ్లగలిగారు, ఒప్పుకుంటాను. కానీ తెరిచి ఉండటం వేరు, ఎవరో ఒకరు కూర్చుని చదవడం వేరు. "త్వరగా కలపండి" అని గుంపుగా ఒత్తిడి పెట్టడం ఎంత ప్రమాదమో ఇంకా ఎలా చెప్పాలి?

పెత్తనం అంటున్నారు. 3డీ బొమ్మలు, యానిమేషన్ చేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ వాళ్లు 2024లో 4.2 వెర్షన్‌తో, అప్పటిదాకా లోపలే ఉన్న యాడ్ఆన్‌లను చాలావరకు ఎక్స్‌టెన్షన్ల సైటుకు మార్చారు. కావలసినవాళ్లు అక్కడి నుంచి వేసుకుంటున్నారు. బయట ఉండటం అవమానమేమీ కాదు.

మెసేజ్ రాసినవాళ్ల బాధలో ఒకటి మాత్రం నిజం. పంపిన కోడ్‌కు నెలల తరబడి జవాబు రాకపోతే ఏ పిల్లలకైనా మనసు విరుగుతుంది. "టెస్టులు లేవు, లైసెన్స్ కుదరలేదు, ఇవి సరిచేసి మళ్లీ పంపు" అని చెప్పాల్సిన బాధ్యత ప్రాజెక్టు వాళ్లదే. దాని మీద మెసేజ్ రాయండి, నేనే అందరికీ పంపిస్తాను.