దర్శనం టికెట్ ఏపీకే, గూగుల్ మీద కోపం: ఒక ఫార్వర్డ్‌కు ఖండన

తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. భక్తి గ్రూపు, మామిడి రైతుల గ్రూపు, అపార్ట్‌మెంటు గ్రూపు అన్న తేడా లేదు. దర్శనం టికెట్ పేరుతో ఒక ఏపీకే, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు, దాంతోపాటే వస్తోంది. మెసేజ్ సారాంశం ఇది: "గూగుల్, యాపిల్ కలిసి మన యాప్‌లను తొక్కేస్తా ఉండారు. తిరుమల పేరుంటే చాలు, తీసేస్తారు. పేదోడికి అప్పిచ్చే యాప్‌లనీ లేపేసినారు. వాళ్లను అడిగే దిక్కే లేదు. ప్లే స్టోర్‌లో ఉండేదీ ఏపీకేనే, మేం పంపేదీ ఏపీకేనే, తేడా ఏం లేదప్పా. ప్లే ప్రొటెక్ట్ ఆపేసి, అడిగినవన్నీ అలౌ కొట్టండి. త్వరలో ఏపీకేలే బంద్, ఇప్పుడే వేసుకోండి."

ప్లే ప్రొటెక్ట్ అంటే హానికర యాప్‌లను పట్టుకునేందుకు ఫోన్‌లో గూగుల్ పెట్టిన కాపలా. ఈ మెసేజ్‌లో ఒకటి రెండు నిజాలున్నాయి. అందుకే ఇంత దూరం తిరిగింది. ఒక్కో మాటా విప్పి చూద్దాం.

"తిరుమల పేరుంటే చాలు, తీసేస్తారు"

ప్లే స్టోర్ తెరిచి 'తిరుమల' అనో 'సుప్రభాతం' అనో వెతకండి. పంచాంగాలు, స్తోత్రాలు, కీర్తనల యాప్‌లు వరసగా వస్తాయి. పేరు తప్పు కాదు. దెబ్బ తినేవి వేరే రకం: టీటీడీ చిహ్నాన్నే ఐకాన్‌గా పెట్టుకున్నవి, 'అఫీషియల్' అని రాసుకున్నవి, దర్శనం కోటా వివరాలు చూపిస్తూ అవి ఎక్కడివో చెప్పనివి. వేరొకరిలా నటించడం ఒక ఉల్లంఘన. ప్రభుత్వ సమాచారం ఇస్తూ మూలం చూపకపోవడం, తాము ప్రభుత్వ సంస్థ కాదని చెప్పకపోవడం ఇంకొకటి. మరో చిక్కు కూడా ఉంది. అసలు వెబ్‌సైటునే తెచ్చి యాప్ చట్రంలో చూపిస్తే, యజమాని అనుమతి లేని వెబ్‌వ్యూ కింద స్పామ్ పాలసీలో పడుతుంది.

ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ప్రాజెక్టుగా చేసే 'తిరుమల గైడ్' లాంటి యాప్‌లు బోల్తా కొట్టేది ఇక్కడే. బాగుచేయడం కష్టమేం కాదు. ఐకాన్‌గా సొంత బొమ్మ గీసుకోవాలి. పేరులోంచి 'టీటీడీ' తీసేయాలి. డిస్క్రిప్షన్ మొదటి పేరాలోనే "ఇది ప్రైవేటు యాప్, దేవస్థానంతో సంబంధం లేదు" అని రాసి, సమాచారం తీసుకున్న ప్రభుత్వ పేజీ లింకు ఇవ్వాలి. టికెట్ బుకింగ్ బటన్ పెడితే అది బ్రౌజర్‌లో అసలు సైటును తెరవాలి తప్ప, భక్తుడి ఫోన్ నంబరు, ఓటీపీ యాప్ లోపల అడగకూడదు.

ఈ కట్టడి ఊరికే రాలేదు. దేవస్థానం సైటులాగే కనబడే నకిలీ సైట్ల మీద టీటీడీనే పోలీసు కేసులు పెట్టింది. దేవస్థానం సొంత యాప్ 'టీటీదేవస్థానమ్స్' 2023 జనవరిలో వచ్చింది. అంతకుముందు ఉన్నది 'గోవింద'. అధికారిక సైటు చిరునామా 'ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్' అని ముగుస్తుంది. ఆ తోక ప్రభుత్వానికి తప్ప ఎవరికీ ఇవ్వరు. సర్వదర్శనం టైం స్లాట్ టోకెన్లంటారా, విష్ణునివాసం, శ్రీనివాసం లాంటి చోట్ల కౌంటర్లో ఆధార్ చూపించి, మనిషి నిలబడి తీసుకునేవి. వాటిని ఏ ఏపీకే అమ్మలేదు.

"స్టోర్‌లో కనబడలేదంటే తొక్కేసినట్టే"

ఫార్వర్డ్ మొత్తం నిలబడింది ఈ గందరగోళం మీదే. యాప్‌కు మూడు తలుపులుంటాయి: చట్టం, అంగడి, ఫోన్. ఏ తలుపు ఎవరు మూశారో చూడకుండా మూడింటినీ ఒకే తిట్టుతో తిడుతున్నారు.

చట్టం తలుపు మూసేది ప్రభుత్వమో కోర్టో. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద నిషేధించింది కేంద్రం. అంతకు ఏడాది ముందు, 2019 ఏప్రిల్‌లో, అదే టిక్‌టాక్‌ను కొద్దిరోజులు స్టోర్లలోంచి తీయించింది మద్రాసు హైకోర్టు ఆదేశం. పందెం డబ్బుతో ఆడే ఆటలకు మన రాష్ట్రం 2020లోనే అడ్డుకట్ట వేసింది. కేంద్రం 2025 ఆగస్టులో చట్టం తెచ్చింది. వీటికి గూగుల్‌ను తిట్టి లాభం లేదు.

అంగడి తలుపు మాత్రం గూగుల్, యాపిల్ సొంత నిబంధనలది. ఇక్కడ ఫిర్యాదుకు బలం ఉంది. 2020 సెప్టెంబరు 18న పేటీఎం యాప్‌నే జూదం నిబంధన పేరుతో గూగుల్ తీసేసి, అదే రోజు తిరిగి పెట్టింది. స్క్రాచ్ కార్డుల లాంటి పథకాలు గూగుల్ పే కూడా నడుపుతోంది కదా అని పేటీఎం అడిగిన ప్రశ్న సబబైనదే. 2024 మార్చి 1న ఫీజు తగాదాలో నౌకరీ, పెళ్లి సంబంధాల యాప్‌లతో సహా పలు భారతీయ యాప్‌లు మాయమయ్యాయి. ప్రభుత్వం జోక్యం చేసుకున్నాక కొద్దిరోజుల్లో తిరిగొచ్చాయి. అది కంటెంట్ గొడవ కాదు, కమిషన్ గొడవ.

ఎవరూ మూయకుండానే కనబడని యాప్‌లూ ఉన్నాయి. వీటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌ను లక్ష్యంగా పెట్టుకుని తయారైందో ఒక అంకె దాని లోపల ఉంటుంది. డెవలపర్ రెండు మూడేళ్లు దాన్ని పెంచకపోతే, కొత్త ఆండ్రాయిడ్ ఉన్న ఫోన్లలో ఆ యాప్‌ను కొత్తవాళ్లకు చూపించదు ప్లే స్టోర్. అందుకే నాన్న పాత ఫోన్‌లో కనబడే పంచాంగం, కొడుకు కొత్త ఫోన్‌లో కనబడదు. పిల్లల ఫోన్‌లో పేరెంటల్ కంట్రోల్ 12 ఏళ్ల రేటింగ్ దగ్గర ఆగి ఉంటే 16 ప్లస్ యాప్ రాదు. కాబట్టి ముందు వేరే ఆండ్రాయిడ్ వెర్షన్ ఉన్న ఫోన్‌లో, పెద్దవాళ్ల అకౌంట్‌తో ఒకసారి వెతకండి. అక్కడ ఉందంటే కుట్ర లేదు, సెట్టింగ్ ఉంది.

"పేదోడికి అప్పిచ్చే యాప్‌లనీ లేపేసినారు"

లేపేసిన మాట నిజం. ఏవి? తీసుకున్న మొత్తం 60 రోజులు లేదా అంతకంటే తక్కువలో కట్టేయాలనే పర్సనల్ లోన్ యాప్‌లకు ప్లే స్టోర్‌లో చోటు లేదు. 2023 మే 31 నుంచి లోన్ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు చూడకూడదన్న నిబంధన కూడా వచ్చింది. బాకీ పడితే బంధువులందరికీ ఫోన్ చేసి పరువు తీసే వ్యాపారానికి ఆ రెండే పెట్టుబడి.

లెక్క కట్టి చూడండి. 5,000 అప్పు అని చెప్పి, ప్రాసెసింగ్ ఫీజు పేరుతో 2,000 ముందే కోసుకుని, చేతికి 3,000 ఇచ్చి, వారంలో 5,000 కట్టమంటే, వారానికి నూటికి 66 రూపాయల పైమాట. నూటికి నెలకు 10 రూపాయల వడ్డీ అంటేనే గుండె గుభేలుమనే ఊళ్లు మనవి.

అసలైన లోన్ యాప్‌ను గుర్తుపట్టేందుకు ఆర్‌బీఐ డిజిటల్ అప్పులపై పెట్టిన నిబంధనలు చాలు. ఇవి మొదట 2022 సెప్టెంబరు 2న వచ్చాయి. అప్పిచ్చే బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకేతర ఆర్థిక సంస్థ) పేరు యాప్‌లో ఉండాలి. డబ్బు నేరుగా మీ ఖాతాకు రావాలి, వాయిదా నేరుగా ఆ సంస్థ ఖాతాకే పోవాలి. ఎవరిదో వ్యక్తిగత యూపీఐ ఐడీకి కట్టమంటే అక్కడే ఆగిపోండి. బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు వాడే లోన్ యాప్‌ల జాబితా 2025 జులై నుంచి ఆర్‌బీఐ వెబ్‌సైటులోనే ఉంది.

"వాళ్లను అడిగే దిక్కే లేదు"

వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ఐదు రోజుల తేడాతో గూగుల్‌కు రెండు జరిమానాలు వేసింది: 20న 1,337.76 కోట్లు, 25న ప్లే స్టోర్ చెల్లింపుల విషయంలో 936.44 కోట్లు. మొదటిదాన్ని అప్పీలు ట్రిబ్యునల్ 2023 మార్చిలో నిలబెట్టింది. రెండోదాన్ని 2025 మార్చిలో 216.69 కోట్లకు తగ్గించింది. దిక్కు ఉంది, కానీ మెల్లగా నడుస్తుంది.

చిన్న డెవలపర్‌కు ఆ మెల్లదనమే ప్రాణాంతకం, అది ఒప్పుకోవాలి. అప్పీలు పెడితే అచ్చు వేసినట్టుండే జవాబు వస్తుంది, ఏ స్క్రీన్‌లో తప్పుందో చెప్పదు. అందుకే వచ్చిన మెయిల్‌లో ఏ మాట ఉందో మొదట చూసుకోవాలి. 'రిజెక్ట్' అంటే కొత్త వెర్షన్ ఆగింది, పాతది స్టోర్‌లోనే ఉంది, దిద్ది మళ్లీ పంపితే సరి. 'రిమూవ్' అంటే యాప్ కనబడదు, నిబంధనలకు సరిపడే అప్‌డేట్ వేస్తే తిరిగొస్తుంది. 'సస్పెండ్' అంటే అకౌంట్ మీద మచ్చ. యూజర్లు, రేటింగులు పోతాయి, ఆ ప్యాకేజీ పేరు, అంటే స్టోర్‌లో యాప్‌కు ఉండే గుర్తింపు పేరు, మళ్లీ వాడలేరు. మొదటి రెండింట్లో కంగారుపడి అదే తప్పుతో మళ్లీ మళ్లీ పంపి, మూడోదాకా తెచ్చుకునేవాళ్లు ఎక్కువ.

కొత్తవాళ్లకు ఇంకో అడ్డంకి. 2023 నవంబరు 13 తరువాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ అకౌంటైతే, కనీసం 12 మంది టెస్టర్లు 14 రోజులు ఏకధాటిగా క్లోజ్డ్ టెస్టులో, అంటే విడుదలకు ముందు ఎంచుకున్నవాళ్లే వాడి చూసే పరీక్షలో, ఉండాలి. మొదట్లో 20 మంది అన్నారు, తరువాత తగ్గించారు. మధ్యలో ఒకరు తప్పుకుని 11కు పడితే గడువు దెబ్బతింటుంది, కాబట్టి 15 మందినైనా చేర్చుకోండి. గూగుల్ డెవలపర్ అకౌంట్‌కు 25 డాలర్ల ఫీజు ఒక్కసారే. యాపిల్‌కైతే ఏటా 99 డాలర్లు.

"ప్లే స్టోర్‌లో ఉండేదీ ఏపీకేనే, మేం పంపేదీ ఏపీకేనే"

ఇది పైకి నిజంలా వినబడే అబద్ధం. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లను ప్లే స్టోర్‌కు ఏపీకేగా కాదు, బండిల్‌గా పంపాలి. మీ ఫోన్‌కు సరిపోయే ముక్కలను స్టోరే తయారుచేసి ఇస్తుంది. గ్రూపులో వచ్చే ఒంటి ఫైలు చాలాసార్లు మధ్యలో ఎవరో మళ్లీ మూటగట్టింది.

ఆ మూటను పట్టించేది సంతకం. ప్రతి యాప్‌కూ తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. అదే సంతకం ఉంటేనే ఉన్న యాప్ మీద కొత్తదాన్ని ఎక్కనిస్తుంది ఆండ్రాయిడ్. లేకపోతే 'యాప్ ఇన్‌స్టాల్ కాలేదు' అని ఆగిపోతుంది. ఇప్పుడు ఇలాంటి ఫార్వర్డుల కింద ఉండే చిన్న సలహా చదవండి: "ఎర్రర్ వస్తే పాత యాప్ తీసేసి వేసుకోండి." పాతది తీసేస్తే పోల్చి చూడ్డానికి సంతకమే మిగలదు. తాళం పట్టట్లేదంటే తలుపే ఊడబీకమన్నట్టు.

ఏపీకేలన్నీ విషం అని కాదు. ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్‌ల భండారం 2010 నుంచి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరూ చూడగలిగే) యాప్‌లను ప్లే స్టోర్ బయటే ఇస్తోంది. తయారుచేసినవాళ్ల సొంత సైటు నుంచి తీసుకోవడం ఒకటి, పేరు తెలియని నంబరు నుంచి తీసుకోవడం ఇంకొకటి. ఐఫోన్‌వాళ్లకైతే ఈ ముచ్చటే లేదు, అందులో ఏపీకే నడవదు.

"త్వరలో ఏపీకేలే బంద్"

కాదు. 2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించింది డెవలపర్ గుర్తింపు నిబంధన: స్టోర్ బయట యాప్ ఇచ్చేవాళ్లు కూడా తామెవరో నమోదు చేసుకోవాలని. మొదట 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండొనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో అన్నారు. ఆ నాలుగింట్లో మనం లేం. ఊరూ పేరూ చెప్పలేని ఉచిత యాప్‌ల వాళ్లకు ఇది ఇబ్బందే, వాళ్ల అభ్యంతరం న్యాయమైనది. కానీ 'ఇప్పుడే వేసుకోండి' అన్న తొందర మాత్రం మోసగాడిది.

"ప్లే ప్రొటెక్ట్ ఆపేసి, అడిగినవన్నీ అలౌ కొట్టండి"

అంగడివాడి మీద కోపంతో మన ఇంటి తాళం తీసి పారేయడం ఇది. మూడో తలుపు, అంటే ఫోన్ తలుపు, మీదే. దగ్గర్నుంచి చూడండి.

'300 రూపాయల దర్శనం' అనే పేరుతో చిన్న ఫైలు వస్తుంది. నొక్కగానే వాట్సాప్‌కు 'తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేసే' అనుమతి ఇవ్వమంటుంది ఫోన్. ఆండ్రాయిడ్ 8 నుంచి ఈ అనుమతి ఒక్కో యాప్‌కు విడిగా ఉంటుంది. ఒకసారి ఇస్తే మీరు ఆపేదాకా అలాగే ఉంటుంది. యాప్ తెరుచుకుని 'అప్‌డేట్ కావాలి' అంటుంది. ఆ అప్‌డేటే అసలు సరుకు. తరువాత ఎస్ఎంఎస్ చదివే అనుమతి, నోటిఫికేషన్లు చూసే అనుమతి, చివర్లో యాక్సెసిబిలిటీ. చూపు సరిగా లేనివాళ్ల కోసం పెట్టిన సదుపాయం అది. దాన్ని అందుకున్న యాప్ తెర మీదిది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఇక ఓటీపీ మీకంటే ముందు వాళ్లకు చేరుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి యాప్‌లకు యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే 'రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్' అని అడ్డుపడుతుంది. యాప్ ఇన్ఫోలో మూడు చుక్కలు నొక్కి దాన్ని తీసేయమని నేర్పే వీడియో పంపుతారు. ఎస్ఎంఎస్, నోటిఫికేషన్, యాక్సెసిబిలిటీ అడిగే ఏపీకేలను ఇన్‌స్టాల్ దగ్గరే ఆపే ప్రయోగాన్ని గూగుల్ 2024 అక్టోబరులో మన దేశానికి ప్రకటించింది. అది పనిచేసేది ప్లే ప్రొటెక్ట్ ద్వారానే. ఆపేయమని ఎందుకు బతిమాలుతున్నారో తెలిసింది కదా.

ఇప్పటికే వేసుకుని ఉంటే వరస ఇది. ముందు ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై కూడా ఆపండి. ఇంకో ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు చేసి ఖాతా, యూపీఐ ఆపించండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే చెప్పడం ముఖ్యం, కాబట్టి యాప్ తీసే పని తరువాత. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ రెండుచోట్లా దాని అనుమతి తీసేసి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తీయబోతుంటే తెర మూసుకుపోతే, తెర మీద వచ్చే పవర్ ఆఫ్ గుర్తును నొక్కిపట్టి, బయటి యాప్‌లేవీ నడవని సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తీయండి. నెట్‌వర్క్ పెట్టాక *#21# కొట్టి కాల్స్ ఎవరికైనా మళ్లుతున్నాయేమో చూసుకోండి, ఉంటే ##002# కొడితే పోతుంది. స్పెషల్ యాప్ యాక్సెస్‌లో వాట్సాప్‌కు ఇచ్చిన ఇన్‌స్టాల్ అనుమతి ఆపేయండి. ఫైలు ఇంకా వాట్సాప్ డాక్యుమెంట్లలో కూర్చునే ఉంటుంది, దాన్నీ తీసేయండి. గ్రూపులో పడిన మెసేజ్‌ను అడ్మిన్ అందరికీ డిలీట్ చేయగలడు. స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాకే చేయమనండి, ఫిర్యాదుకు అది కావాలి.