లాడ్‌బోరిలో పడిన రింగు, షటిల్ వీడియోలో కదిలిన చుక్క

2022 ఏప్రిల్ 2, ఉగాది. పొద్దున ఎత్తిన గుఢీలను మా పక్కింటి మరాఠీ వాళ్లు సాయంత్రానికి దించేశారు. తెలుగిళ్లల్లో ఉగాది పచ్చడి గిన్నెలు ఖాళీ అయ్యాయి. రాత్రి ఎనిమిది కావస్తుండగా మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లా మీదుగా ఆకాశంలో ఒక నిప్పు గీత సాగిపోయింది. ముక్కలు ముక్కలుగా విడిపోతూ, ఒకదాని వెనక ఒకటి తోకలు ఈడ్చుకుంటూ వెళ్లింది. ఉల్క అన్నారు, విమానం కూలిందన్నారు, క్షిపణేమోనని కొందరు భయపడ్డారు. సిందేవాహి తాలూకా లాడ్‌బోరి ఊళ్లో మాత్రం మూడు మీటర్ల వెడల్పున్న లోహపు రింగు ఒకటి నేల మీదికొచ్చి పడింది. ఆ చుట్టుపక్కలే ఒక లోహపు గోళం కూడా దొరికింది.

పోలీసులు వాటిని భద్రపరిచారు. ఇస్రో శాస్త్రవేత్తలు వచ్చి చూశారు. రాకెట్ ప్రయోగాల చిట్టా ఏళ్ల తరబడి రాసుకుంటూ వస్తున్న ఖగోళ శాస్త్రవేత్త జొనాథన్ మెక్‌డవెల్, అది 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్ మూడో దశ అయి ఉంటుందని చెప్పారు. ఎక్కడో అమెరికాలో కూర్చున్న మనిషి అంత త్వరగా ఎలా చెప్పగలిగాడు? వెలుగు కనిపించిన వేళ తెలుసు, ఊరు తెలుసు, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పోయిందో తెలుసు. ఆ వేళకు ఆ దారిలో కిందికి దిగాల్సిన వస్తువు చిట్టాలో ఉందా అని చూస్తే చాలు. ఉంది.

ఆ రాత్రి మళ్లీ గుర్తుకొచ్చింది మా మేనల్లుడి వల్ల. మొన్న బల్లార్షాలో మా ఇంటికొచ్చి, ఫోన్ నా ముందు పెట్టాడు. "మామా, ఇది జూడు. నాసా దాచిపెట్టిందంట." నలభై సెకన్ల క్లిప్. నల్లటి తెర, అడ్డంగా ఒక తెల్లటి గీత, దాని చుట్టూ చెరువులో చేపల్లాగా ఈదుతున్న గుండ్రటి బిళ్లలు. వెనక భయపెట్టే మ్యూజిక్. తేదీ లేదు, ఏ నౌకో లేదు, ఏ కెమెరానో లేదు.

లాడ్‌బోరి రింగుకు ఉన్నవన్నీ ఈ క్లిప్‌కు లేవు. అందుకే రింగు సంగతి వారంలో తేలింది, ఈ క్లిప్ మాత్రం పాతికేళ్లు దాటినా 'అంతుచిక్కని రహస్యం' అన్న పేరుతో తిరుగుతోంది. అంతుచిక్కనిది వస్తువు కాదు. అంతు పట్టుకోవడానికి కావలసిన వివరాలను ఎవరో కత్తిరించి పారేశారు. నా కోపమంతా ఆ కత్తిరింపు మీదే.

ఆ వివరాలను తిరిగి అతికిద్దాం. క్లిప్‌లోది 1996 నాటి నాసా స్పేస్ షటిల్ యాత్ర ఎస్టీఎస్-75, నౌక కొలంబియా. ఇటలీ తయారు చేసిన ఒక ఉపగ్రహాన్ని పొడవాటి తీగకు కట్టి, గాలిపటంలా వదిలి, కరెంటు పుట్టించే ప్రయోగం అది. ఫిబ్రవరి 25న, తీగ 19.7 కిలోమీటర్లు విప్పాక, లోపల విద్యుత్ మెరుపు పుట్టి కాలి తెగిపోయింది. కొన్ని రోజుల తర్వాత ఆ తెగిన తీగ దూరంగా కనిపిస్తే కొలంబియా నుంచి వీడియో తీశారు. క్లిప్‌లోని తెల్ల గీత అదే.

ఇప్పుడు ఆ గీత మందం చూడండి. తీగ అసలు మందం రెండున్నర మిల్లీమీటర్లు. వీడియోలో చూస్తే దాని పొడవుతో పోల్చినప్పుడు వందల మీటర్ల మందం ఉందనిపిస్తుంది. అంటే ఎండకు మెరిసిన తీగ వెలుగు కెమెరాలో పొంగిపోయి లావైంది. కెమెరా చూపించే సైజు నిజం సైజు కాదని ఆ గీతే సాక్ష్యం చెబుతోంది. 'బిళ్లలు తీగ వెనక నుంచి పోతున్నాయి, కాబట్టి అవి కిలోమీటర్ల సైజు నౌకలు' అనే వాదన నిలబడేది కెమెరా చూపించిన సైజే నిజమన్న ఒక్క పాయింటు మీదే. పొంగిన వెలుగు దగ్గరికి మసకటి బిళ్ల వస్తే, వెలుగు దాన్ని మింగేస్తుంది. మనకది వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది.

మరి బిళ్లలేమిటి? దీనికి మా ఊళ్లో ప్రయోగం తేలిక, బొగ్గు ధూళికి కొదవ లేదు కనుక. రాత్రి గదిలో లైటు ఆర్పేశాం. దుప్పటి ఒకసారి దులిపాం. మేనల్లుడు ఫోన్ టార్చ్ వేసి, ఎదుటి గోడ మీది క్యాలెండర్‌కు ఫోకస్ పెట్టి వీడియో తీశాడు. లెన్స్ దగ్గరగా తేలిన ధూళి రేణువులు తెర మీద గుండ్రటి బిళ్లలుగా వచ్చాయి. దూరానికి ఫోకస్ పెడితే దగ్గరి చుక్క పరుచుకుని బిళ్ల అవుతుంది, బిళ్ల ఆకారం కెమెరా కంటిపాప ఆకారమే. ఎస్టీఎస్-75 బిళ్లల్లో కనిపించే ఆ గాట్లు కూడా కెమెరా లోపలివే. బిళ్లలన్నిటికీ ఒకే రకం గాట్లు ఉండడం కాకతాళీయం కాదు. తర్వాత మా అక్క విసనకర్ర ఒక్కసారి విసిరింది. అప్పటిదాకా తీరుబడిగా తేలుతున్న బిళ్లలన్నీ చటుక్కున పక్కకు తిరిగాయి. పిల్లవాడు ఆ వీడియోను నాలుగైదు సార్లు వెనక్కి తిప్పి చూసుకున్నాడు.

ఆ విసనకర్రే మరో షటిల్ యాత్ర, ఎస్టీఎస్-48 కేసు. 1991 సెప్టెంబర్ 15న డిస్కవరీ నౌక కెమెరాలో ఒక చుక్క భూమి అంచు దగ్గర మెల్లగా పోతూ, ఒక మెరుపు మెరవగానే దిశ మార్చి దూసుకుపోయింది. ఎవరో కింది నుంచి ఆయుధం పేల్చారనీ, గ్రహాంతర నౌక తప్పించుకుందనీ కథ పుట్టింది. నాసాలో పనిచేసి, ఇలాంటి కేసులను ఏళ్ల తరబడి తవ్విన జేమ్స్ ఒబెర్గ్ మొదట అడిగింది: ఆ క్షణానికి నౌక ఎక్కడుంది, సూర్యుడు ఎక్కడున్నాడు? నౌక అప్పుడే చీకట్లోంచి ఎండలోకి వచ్చింది. కింద భూమి ఇంకా చీకట్లోనే ఉంది. నౌక చుట్టూ తేలే మంచు పలుకులు తళుక్కుమనేది సరిగ్గా అలాంటి వేళల్లోనే. ఆ మెరుపు నౌక దిశను సరిచేసే చిన్న రాకెట్, అంటే థ్రస్టర్‌దనీ, దాని పొగ తగిలి పలుకులు పక్కకు ఎగిరాయనీ ఆయన వాదన. గాలి లేని చోట మంచు పలుకు తనంతట తాను మలుపు తిరగదు, ఏదో ఒకటి తోయాలి. తోసేది నౌక దగ్గరే ఉంది. నాకు ఈ వాదన సరిపోయింది.

దూరం తెలియకపోతే వేగం తెలియదన్నది ఇక్కడ అసలు కీలకం. భూకక్ష్యలో నౌక సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. అంటే బల్లార్షా నుంచి హైదరాబాద్‌కు నిమిషం కూడా పట్టదు. నౌక నుంచి ఊడిన మంచు పలుకు కూడా అదే వేగంతో పక్కనే వస్తుంది కాబట్టి మనకు మెల్లగా తేలుతున్నట్టు ఉంటుంది. అదే చుక్కను భూమి అంచు దగ్గర, వేల కిలోమీటర్ల దూరంలో ఉందని అనుకుంటే, తెర మీద అది కదిలిన ఆ కాస్త దూరమే నమ్మలేని వేగంగా మారిపోతుంది. వేగం వీడియోలో లేదు, మనం ఊహించుకున్న దూరంలో ఉంది.

ఇది షటిల్ రోజులతో మొదలైంది కాదు. 1962 ఫిబ్రవరి 20న అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ కక్ష్యలో సూర్యోదయం వేళ నౌక కిటికీ బయట మిణుగురు పురుగుల్లాంటి వెలుగులు చూసి ఆశ్చర్యపోయాడు. మూడు నెలలకు వెళ్లిన స్కాట్ కార్పెంటర్ లోపలి నుంచి నౌక గోడ మీద తట్టాడు. బయట పేరుకున్న మంచు పొడి గుప్పున లేచింది. ఒక దెబ్బతో దర్యాప్తు పూర్తయింది. 'బ్లాక్ నైట్' అనే పదమూడు వేల ఏళ్ల ఉపగ్రహం అంటూ తిరిగే ఫొటోలు 1998 డిసెంబర్ ఎస్టీఎస్-88 యాత్రలో చేజారిపోయిన థర్మల్ దుప్పటివి, అంటే వేడి, చలి తగలకుండా కప్పేదానివి. అది కొద్ది రోజుల్లోనే వాతావరణంలో కాలిపోయింది.

అంతరిక్ష కేంద్రం లైవ్ మధ్యలో ఆగిపోతే 'చూపించకూడనిది వచ్చింది, ఆపేశారు' అంటారు. సిరొంచ బస్సులో అడవి దాటేవాళ్లకు ఫోన్ సిగ్నల్ పోవడం కొత్తా? అక్కడా అంతే, సిగ్నల్‌ను కిందికి చేరవేసే ఒక రిలే ఉపగ్రహం నుంచి మరోదానికి మారేటప్పుడు సిగ్నల్ పోతుంది.

ఇంతా విన్నాక 'అయితే ఇవన్నీ చెత్త, పట్టించుకోవద్దు' అనేవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 2003 జనవరి 16న కొలంబియా ఎగిరేటప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. మర్నాడు నౌక నుంచి ఒక చిన్న వస్తువు విడిపోయి మెల్లగా దూరం జరిగింది. అది రాడార్ల డేటాలో నమోదైంది. కానీ ఆ డేటాను జల్లెడ పట్టి ఆ వస్తువును గుర్తించింది ప్రమాదం జరిగాక. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా నౌకలోని ఏడుగురూ పోయారు. విడిపోయిన ఆ వస్తువు దెబ్బతిన్న రెక్క అంచు ముక్కే అయి ఉండే అవకాశం ఎక్కువని దర్యాప్తు తేల్చింది. కర్నాల్‌లో పుట్టిన ఆ అమ్మాయి కోసం ఆ రోజు మా వీధిలో మరాఠీ, తెలుగు తేడా లేకుండా అందరూ టీవీ ముందు కూర్చుని ఏడ్చారు. ఒక గుర్తుతెలియని చుక్క ఏడుగురి ప్రాణాల గురించి చెప్పగలిగి ఉండేది. అడిగినవాళ్లు లేరు.

ఆ పాఠం నాసా నేర్చుకుంది. 2006 సెప్టెంబర్‌లో షటిల్ అట్లాంటిస్ దిగాల్సిన ముందురోజు కెమెరాలో ఏదో తేలుతూ కనిపించింది. ల్యాండింగ్ ఒక రోజు వాయిదా వేసి, రోబోటిక్ చేతితో నౌక ఒళ్లంతా మళ్లీ తనిఖీ చేశారు. ప్లాస్టిక్ ముక్క కావచ్చని తేలాక, 21న కిందికి దించారు. తేలే చుక్కను పట్టించుకోవడమంటే ఇది.

నాకు తేలని కేసు కూడా ఒకటుంది. 1965 జూన్‌లో అమెరికా నౌక జెమినీ 4 నుంచి వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్ సిలిండర్ ఆకారంలో ఒక వస్తువు చూశాడు. దానికి చేయిలాంటిదేదో పొడుచుకు వచ్చి ఉందన్నాడు. ఎదురుగా ఎండ, కిటికీ మురికి, తీసిన ఫొటోల్లో అది పడలేదు. అది జెమినీని పైకి తెచ్చిన రాకెట్ రెండో దశే అయి ఉంటుందని ఒబెర్గ్ అన్నాడు, మెక్‌డివిట్ ఒప్పుకోలేదు. గ్రహాంతరవాసుల నౌక అని కూడా ఆయన అనలేదు, ఏమిటో తెలియలేదని మాత్రమే అన్నాడు. "మరి అదేంది మామా?" అని పిల్లవాడు అడిగాడు. ఫొటో లేదు, తెలియదని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, ఆ కిటికీ ఏ వైపుకు ఉండేదని అడిగాడు.